తర్జుమా మధ్యలో అడిగిన మాట

ఎదుటి మనిషి మొదలుపెట్టి ఇంకా ముగించని వాక్యాన్ని మోస్తూ మైకు ముందు నిలబడటంలో ఒక రకమైన అలసట ఉంది. ఇంటికెళ్ళి పడుకున్నా అది పోదు. మా చర్చి సంఘం మహాసభల్లో నేను చాలా ఏళ్ళు ఆ బరువు మోశాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా మోశాను. పంతొమ్మిది వందల తొంభైల చివరికొచ్చేసరికి ఇక చాలనిపించింది.

మాది గోదావరి గట్టు కింద ఊరు. మాది లూథరన్ కుటుంబం. సార్వా కోతలయి, ధాన్యం ఇళ్ళకు చేరి, రెండో పంటైన దాళ్వాకు నాట్లు పడ్డాక, చలి ఇంకా పోని రోజుల్లో మూడు సాయంత్రాలు మహాసభలు పెడతారు. గుడి వెనక కొబ్బరితోటలో పందిరి వేస్తారు. ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు, మధ్యలో కొబ్బరితాడు. ఏటా బయటి దేశం నుంచి ఒక అతిథి వస్తారు. వారు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగుతారు. వారికి ఎడమ పక్కన, అరడుగు వెనగ్గా నిలబడినవాడు దాన్ని తెలుగులో చెప్పాలి. మేం దాన్ని తర్జుమా అంటాం.

తర్జుమాలో ఒక కట్టుబాటు ఉంది. అతిథి "నేను" అంటే తర్జుమా చేసేవాడు కూడా "నేను" అనే అనాలి. "ఆయన ఇలా అంటున్నారు" అనకూడదు. అందుకని మా ఊరి జనం ముందు నేను సముద్రాలు దాటాను, మంచులో చిక్కుకున్నాను, ఒకసారి నాలుగోబిడ్డను కూడా కన్నాను. ఎవరూ నవ్వలేదు. అక్కడ నిలబడ్డవాడు మనిషి కాదు, గొంతు. కూటం అయ్యాక జనమంతా వెళ్ళి అతిథి చెయ్యి పట్టుకుని "వందనాలండి" అంటారు. తర్జుమా చేసినవాడు పక్కకు తప్పుకుని మంచినీళ్ళు వెతుక్కుంటాడు.

నేను ఎయిడెడ్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. ఉద్యోగమంతా బోర్డు మీద పాసివ్ వాయిస్ రాయడంతోనే గడిచిందనిపిస్తుంది. రాముడు రావణుణ్ణి చంపెను, రావణుడు రామునిచేత చంపబడెను. పిల్లలు వాక్యాన్ని తిరగేయడం నేర్చుకుని పరీక్ష రాసి వెళ్ళిపోయేవారు. ఎందుకు తిరగేయాలో వాళ్ళూ అడగలేదు, నాకూ చెప్పే తీరిక లేదు. ఆ సంగతి నాకు బాగా అర్థమైంది పందిట్లోనే.

ఇంగ్లీషువాళ్ళకు ఒక అలవాటుంది. అసలు సంగతి చెప్పేముందు ఒక చిన్న ముక్క తగిలిస్తారు. "ఆఫ్టర్ బీయింగ్ కాల్డ్" అంటారు. "వైల్ బీయింగ్ లెడ్" అంటారు. ఒక్కోసారి అసలు సంగతి అయిపోయాక, తోకలాగా, "హ్యావింగ్ బీన్ సెంట్" అని చేరుస్తారు. పిలిచారట, నడిపించారట, పంపారట. ఎవరు పిలిచారో, ఎవరు పంపారో ఆ ముక్కలో ఉండదు. ఉంటే "బై" అని చివర్లో వస్తుంది. చాలాసార్లు రానే రాదు. వాళ్ళకదేం ఇబ్బంది కాదు. పని జరిగింది, ఎవరిమీద జరిగిందో తెలుసు, చాలు.

మా ప్రసంగాల తెలుగులో దానికి తయారుగా ఒక దారి ఉంది. పిలువబడి, నడిపింపబడి, పంపబడి. పుస్తకం భాష అది. వినడానికి గంభీరంగానే ఉంటుంది. కానీ పొలం నుంచి కాళ్ళు కడుక్కుని నేరుగా వచ్చి కూర్చున్నవాళ్ళకు ఆ "బడి"లు వరసగా వినిపిస్తే నిద్రొస్తుంది. ఇంట్లో ఎవరమూ "నాకు కాఫీ ఇవ్వబడింది" అనుకోం కదా. పోనీ "నన్ను పంపాక" అని ఊరుకోవచ్చు. తెలుగు అందుకు ఒప్పుకుంటుంది. మావాళ్ళు ఒప్పుకోరు. "ఎవరు పంపారంట?" అని పక్కవాళ్ళను అడుగుతారు. పక్కవాళ్ళకూ తెలియదు కాబట్టి వాళ్ళు ఆ పక్కవాళ్ళను అడుగుతారు. ఆ గుసగుస తాడు దాటేలోపు తరవాతి వాక్యం కొట్టుకుపోతుంది.

అందుకని నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. "ఆఫ్టర్" అనో "వైల్" అనో వినపడి, వెనకే "బీయింగ్" అని వస్తే నోరు తెరవకూడదు. వాక్యం ముగిసేదాకా ఆగాలి. చేసినవాడెవరో దొరకబుచ్చుకోవాలి. దొరికాక మామూలు తెలుగులో చెప్పాలి: మా అమ్మ నన్ను పంపింది, డాక్టరు నన్ను పిలిచాడు. నేను చెప్పే అలసట ఇదే. చేసినవాడు దొరికేదాకా జరిగినదాన్ని మొయ్యాలి.

గొంతు బొంగురుపోవడం మొదలయ్యాక నా తరవాత ఎవరు అనే మాటొచ్చింది. సంఘ పెద్దలు నన్నే వెతకమన్నారు. కుర్రాళ్ళను చూశాను. ఇంగ్లీషు వచ్చినవాడికి తెలుగు నోట్లో నలగదు, తెలుగు బాగా పలికేవాడు ఇంగ్లీషు వాక్యం సగంలోనే పరుగెడతాడు. చివరికి మా సంఘం ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మను అడిగాను. ముప్పై దాటిన మనిషి. నా దగ్గర చదువుకున్న పిల్లే.

ఆ అమ్మాయి సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు. భర్త విశాఖపట్నంలో పనికని వెళ్ళాడు. మొదట పండగలకు వచ్చేవాడు, తరవాత మానేశాడు. అక్కడ ఇంకో కాపురం పెట్టాడని ఆ రూట్లో తిరిగే లారీ డ్రైవర్లు చెప్పారు. ఈ అమ్మాయి కూతుర్ని పెట్టుకుని తల్లి దగ్గర ఉండేది. సంఘంలో మాత్రం ఆయన పని మీద ఉన్నట్టే లెక్క. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళేటప్పుడు వరసలో ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి "మీ ఆయన ఈసారి రాలేదా అమ్మా?" అని అడుగుతుంది. సెలవు దొరకలేదండి అని ఈ అమ్మాయి చెబుతుంది. ఏడాదికేడాది అదే ప్రశ్న, అదే జవాబు.

తర్జుమా అనగానే ఆ అమ్మాయి మొహం వెలిగింది. సాయంత్రాలు మా వీధి అరుగు మీదికి వచ్చి కూర్చునేది. నేను ఇంగ్లీషు చదివేవాణ్ణి, తను తెలుగులో చెప్పేది. మా ఆవిడ లోపల చేటలో బియ్యం చెరుగుతూ అన్నీ వినేది.

"ఏవండీ, ఆ పిల్లని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. మీరు ఆగమన్నప్పుడల్లా మాడిపోతోంది, మా పప్పులాగా."

"పప్పు మాడితే మాస్టారి తప్పు కాదండి అమ్మగారూ, మీరు వంట మానేసి పాఠం వింటున్నారు," అనేది ఆ అమ్మాయి.

నా పద్ధతి చెప్పాను. ఆఫ్టర్, వైల్, ఆన్ లాంటివి వింటే ఆగు, చేసిందెవరో వెతుకు, దొరికాకే మాట్లాడు. ఇంకో రకం కూడా చెప్పాను. "ఐ రిమెంబర్ బీయింగ్ క్యారీడ్" అంటే ఎవరో ఎత్తుకెళ్ళడం గుర్తుంది అని. "ఐ హేటెడ్ బీయింగ్ పిటీడ్" అంటే జాలిపడితే ఒళ్ళు మండేది అని. తొందరగానే పట్టుకుంది. ఒకరోజు నా వాక్యం మీద విసుక్కుంది కూడా. "వీళ్ళను ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు కదా మాస్టారూ, ఒక్కడి పేరూ బయటపెట్టరేంటండి?"

మర్యాద అయ్యుంటుందన్నాను. "మన ఊళ్ళో కూడా ఆ మర్యాద బాగానే ఉందండి," అంది. నేను మాట మార్చాను.

అంతకు ముందోసారి నేనే అడిగాను, జీతం లేని ఈ పని మీద నీకెందుకింత పట్టుదల అని. తను అంది: "అక్కడ నిలబడితే నన్నెవరూ ఏమీ అడగరు మాస్టారూ. సంఘంలో నాకు అలాంటి చోటు ఇంకోటి లేదు."

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. సెక్రటరీ గారు మొదట ఒప్పుకోలేదు. సంఘానికి సెక్రటరీ అయిన ఆయన ఆ అమ్మాయి భర్తకు స్వయానా పెదనాన్న. ఆడమనిషి అందరి ముందూ నిలబడి మాట్లాడటమా అన్నారు. నేను వాదించలేదు. నా గొంతు చూపించాను. అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు గారు, సరేనన్నారు. అలా కుదిరింది.

ఆ ఏడు వచ్చిన అతిథి చలిదేశానికి చెందిన ఒక పెద్దావిడ. రిటైరైన స్కూలు టీచరు. ఇంగ్లీషు ఆవిడ సొంత భాష కూడా కాదు, పుస్తకాల్లో నేర్చుకున్నది. అందుకని ప్రసంగమంతా రాసుకుని, చదివేవారు. ప్రతి వాక్యంలోనూ ఆ ముక్కలే. మొదటి సాయంత్రం నేను మగవాళ్ళ వైపు ముందు కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ చదివిన మొదటి కాగితం వినేసరికే నా భుజాలు లాగాయి, మోస్తున్నది నేను కాకపోయినా. ఆ అమ్మాయి మాత్రం ఆగింది, వెతికింది, చెప్పింది. ఎక్కడా గుసగుస లేవలేదు. ఆఖర్న ఆడవాళ్ళ వైపు ఓ ముసలమ్మ "మన టీచరమ్మ మాట్టాడుతుంటే దొరసానమ్మకే తెలుగొచ్చినట్టుంది," అంది. సెక్రటరీ గారు కూడా తలూపారు.

రెండో సాయంత్రం కరెంటు పోయి జనరేటరు పెట్టారు. దాని మోత పందిట్లోకి రాకుండా తోట చివర పెట్టినా వస్తూనే ఉంది. అతిథి ఆ రోజు తన జీవితం గురించి చెప్పారు. చిన్నతనం, బడి, పెళ్ళి. ఆ అమ్మాయి ఒక్కో వాక్యాన్నీ మెల్లగా దించుతోంది. అప్పుడు ఆవిడ చదివారు: "ఆఫ్టర్ బీయింగ్ లెఫ్ట్ విత్ టూ స్మాల్ చిల్డ్రన్, అండ్ వైల్ బీయింగ్ టోల్డ్ ఎవ్రీ డే దట్ ఇట్ వాజ్ మై ఫాల్ట్, ఐ బిగేన్ టు టీచ్."

చదివి ఆగారు.

ఆ అమ్మాయి మాట్లాడలేదు. నాకు అర్థమైంది. ఇద్దరు చిన్నపిల్లలతో ఈవిడను వదిలింది ఎవరు? కాగితంలో లేదు. భర్త చనిపోయి ఉండొచ్చు, వెళ్ళిపోయి ఉండొచ్చు. నేనైతే అలాంటప్పుడు "నేను ఒంటరిదాన్నయ్యాక" అని దాటేసేవాణ్ణి. గుసగుస లేచినా లేవనీ అనుకునేవాణ్ణి. అన్నేళ్ళలో నేను దాటేసిన చోట్లు బోలెడున్నాయి. అది మాత్రం ఆ అమ్మాయికి నేర్పలేదు.

ఆ అమ్మాయి అతిథి వైపు తిరిగింది. మెల్లగానే అడిగింది, కానీ మైకు పట్టేసింది.

"బై హూమ్, మేడమ్?"

తర్జుమా చేసేవాళ్ళు అతిథిని ప్రశ్న అడగడం మా పందిట్లో ఎన్నడూ లేదు. ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా తెలిసిపోయింది, అది తర్జుమా కాదని, ప్రశ్న అని. అతిథి కాగితం కిందికి దించారు. ఆ అమ్మాయిని చూశారు. కాగితం చూడకుండా చెప్పారు.

"బై మై హస్బెండ్."

ఆ అమ్మాయి జనం వైపు తిరిగింది. కట్టుబాటు ప్రకారమే చెప్పింది.

"ఇద్దరు చిన్నపిల్లలతో నా భర్త నన్ను వదిలేసి వెళ్ళిపోయాక, తప్పంతా నాదేనని జనం రోజూ అంటుండగా, నేను బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను."

ఒక్క మాట ఎక్కువ లేదు. కానీ పందిట్లో తలలన్నీ ఒక్కసారి లేచాయి. తలలు లేచింది అతిథిని చూడటానికి కాదు. ఆడవాళ్ళ వైపు ఎవరో చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సెక్రటరీ గారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. ఆయన చేతిలోని పాటల పుస్తకం మూసుకుంది. ఆ తరవాత అతిథి చాలాసేపు మాట్లాడారు, ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. మధ్యలో "ఐ కుడ్ నాట్ బేర్ బీయింగ్ పిటీడ్" అని వచ్చింది. "నన్ను చూసి ఎవరైనా జాలిపడితే భరించలేకపోయేదాన్ని," అంది. అక్కడ ఎవరని అడగలేదు. అడగక్కర్లేకపోయింది.

కూటం అయ్యాక టీల దగ్గర అతిథి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు నేర్పింది నేనేనని ఎవరో చెప్పారట. పొరపాటుకు క్షమించమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఎన్నో ఊళ్ళలో ఆ వాక్యం అలాగే చదువుతూ వచ్చారట, ఎవరూ ఆపి అడగలేదట. అడిగేసరికి ముందు కోపమొచ్చిందనీ, తరవాత చాలాసేపు నిలబడి నిలబడి కుర్చీలో కూర్చున్నట్టనిపించిందనీ చెప్పారు. ఆ మాట అచ్చంగా అలాగే గుర్తుంది, కుర్చీలో కూర్చున్నట్టు. తరవాత గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయి వంటపాకల వెనక నిలబడి ఉంది. కూతురు కొంగు పట్టుకుని నిద్రకు తూలుతోంది. నన్ను చూడగానే అంది:

"మీరు చెప్పినట్టే చేశాను మాస్టారూ. చేసిందెవరో దొరికేదాకా నోరు తెరవొద్దన్నారు."

అవునన్నాను. అడగమని మాత్రం చెప్పలేదన్నాను.

కూతుర్ని ఎత్తి భుజాన వేసుకుంది. "అబద్ధం ఎందుకులెండి. తర్జుమా కోసం అడగలేదు. నాకే తెలుసుకోవాలనిపించింది. అంత దూరం నుంచి వచ్చినావిడక్కూడా అలాగే జరిగిందా అని." తరవాత, "రేపు నన్ను ఎక్కనివ్వరు కదా?" అంది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కాళ్ళు పీకుతున్నాయి, ఇంటికెళ్ళాను.

పొద్దున్నే సెక్రటరీ గారు వచ్చారు. వందనాలండి అని వీధి కుర్చీలో కూర్చున్నారు. ఇంటి సంగతులన్నీ అడిగారు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. ఆయన తాగలేదు. చివరికి సంగతికొచ్చారు. ఆఖరి సాయంత్రం పెద్ద కూటం, చుట్టుపక్కల సంఘాలవాళ్ళు వస్తారు, రాజమండ్రి నుంచి పెద్దలు వస్తున్నారు, తర్జుమా మీరే చేయాలి అన్నారు. నా గొంతు ఆయనకు వినిపించాను. అది బాగాలేని మాట నిజమే, ఆ బొంగురులో మూడో వంతు నేను కావాలని చేసిందీ నిజమే.

"మిరియాల కషాయం తాగండి మాస్టారూ, సాయంత్రానికి విచ్చుకుంటుంది."

"తాగుతున్నారండి, పొద్దున్నుంచీ తాగుతున్నారు," అంది మా ఆవిడ లోపలి నుంచి. "ఇంక ఆ మిరియాలు కూడా అయిపోయాయి."

అతిథిని ప్రశ్నలడగడం ఏమిటండీ, సంఘం పరువేం కావాలి అన్నారు సెక్రటరీ గారు. ఆవిడ ఏమీ అనుకోలేదని చెప్పాను. ఆయన కాఫీ కప్పును పక్కకు జరిపారు. తరవాత చెప్పిన మాటే అసలు మాట.

"అందరూ నా వైపు చూశారు మాస్టారూ. మావాడి పేరెత్తలేదు, నిజమే. ఎత్తినట్టే అయింది. ఇన్నాళ్ళూ కప్పుకొచ్చాం. మళ్ళీ ఆ పిల్లని ఎక్కిస్తే ఇవాళ ఏం అడుగుతుందో ఎవరికి తెలుసు?"

ఆయన కళ్ళకింద నల్లగా ఉంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. మంచి మనిషే. తమ్ముడు పోయాక ఆ కుర్రాణ్ణి పెంచింది ఆయనే. తను పెంచిన కుర్రాడు చేసిన పనికి ఆయన కూడా అలిసిపోయారని అప్పుడు తోచింది. ఆయనతో వాదించాలనిపించలేదు. న్యాయం గురించి మాట్లాడే ఓపిక కూడా లేదు. ఒకటే చెప్పాను.

"నేను చేయలేనండి. ఇవాళే కాదు, ఇంక ఎప్పుడూ చేయలేను. వేరేవాళ్ళను చూసుకోండి."

వేరేవాళ్ళు లేరని ఆయనకూ తెలుసు. అయ్యగారు చేస్తారేమో అన్నారు. అయ్యగారి ఇంగ్లీషు దీవెనల దాకా బాగుంటుంది. సెక్రటరీ గారు ఇంకొంచెంసేపు కూర్చున్నారు. లేచేటప్పుడు కాఫీ మీద మీగడ కట్టేసింది.

"ఆ పిల్లకు చెప్పండి," అన్నారు చెప్పులు వేసుకుంటూ. "ఎక్కమనండి. ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. అడిగితే అక్కడే మైకు ఆపించేస్తాను."

మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. షరతు చెప్పాను. ఆలోచించి సరేనంది. మా ఆవిడ అన్నం పెట్టింది. తినేటప్పుడు అడిగింది, చేసినవాడు కనపడని ముక్క వస్తే ఏం చేయను అని. దాటెయ్ అన్నాను. ఎలా దాటాలో చూపించాను, నేను దాటిన దారులన్నీ. శ్రద్ధగా విని, "మీకివి చాలా వచ్చండి," అంది. పొగడ్తో ఎత్తిపొడుపో తెలియలేదు. అడగలేదు.

ఆ సాయంత్రం నేను ముందు కుర్చీలో కూర్చోలేదు. వెనక, కొబ్బరిచెట్టుకు ఆనుకుని చాప మీద కూర్చున్నాను, కాళ్ళు చాపుకోవచ్చని. జనం తాడు అంచుదాకా కిక్కిరిసి ఉన్నారు. ముందురోజు సంగతి ఊళ్ళు దాటింది కాబోలు, కాలవ అవతలి సంఘాల ఆడవాళ్ళు కూడా ట్రాక్టర్ల మీద వచ్చారు. సెక్రటరీ గారు మైకు సెట్టు దగ్గరే నిలబడి ఉన్నారు.

అతిథి మొదలుపెట్టారు. కాగితాలు అవే, అదే రకం ఇంగ్లీషు. మొదటి "ఆఫ్టర్ బీయింగ్" రాగానే నేను ఆ అమ్మాయి వైపు చూశాను. తను తల దించుకుని నేల వైపు చూస్తోంది, దాటడానికి సిద్ధపడుతోంది. అతిథి వాక్యం ముగించి ఆగారు. తర్జుమా రాలేదు. అప్పుడు ఆవిడ కాగితం మీద వేలు పెట్టి, ఆ ముక్క దాకా వెనక్కి వెళ్ళి, రాయని మాటొకటి చేర్చి మళ్ళీ చదివారు. "బై మై సిస్టర్." మా అక్క నన్ను తన ఇంటికి తీసుకెళ్ళాక, అంది ఆ అమ్మాయి.

అప్పటి నుంచి అలాగే సాగింది. చదవడం, ఆగడం, ఎవరో చెప్పడం. బై ద పాస్టర్. బై మై ఓన్ మదర్. ఒకచోట చాలాసేపాగి, "ఐ డోంట్ నో బై హూమ్," అన్నారు. ఎవరు చేశారో నాకిప్పటికీ తెలియదు, అంది ఆ అమ్మాయి. కూటం బాగా పొడుగైంది. పిల్లలు నిద్రపోయారు. సెక్రటరీ గారు మైకు సెట్టు పక్కన నిలబడి నిలబడి, చివరికి ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు. ఆయనకు మైకు ఆపడానికి కారణం దొరకలేదు. ప్రశ్న ఎవరూ అడగలేదు.

నేను ఎన్నో ఏళ్ళ తరవాత ప్రసంగాన్ని ఊరికే విన్నాను. ఇంగ్లీషు వచ్చినప్పుడు వదిలేశాను, తెలుగు వచ్చినప్పుడు విన్నాను. కొంచెం కునుకు కూడా పట్టింది.

కూటం అయ్యాక జనం అతిథి చుట్టూ చేరారు. కొందరు మాత్రం పక్కకు తప్పుకున్న ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళారు. అలా నేనెప్పుడూ చూడలేదు. ప్రభువు బల్ల వరసలో ఎప్పుడూ ముందుండే ఆవిడ కూడా వెళ్ళింది. చెయ్యి పట్టుకుని, అలవాటు చొప్పున, కాకపోతే ఈసారి కాస్త భయపడుతూ అడిగింది.

"మీ ఆయన ఈసారి కూడా రాలేదా అమ్మా?"

నేను పక్కనే ఉన్నాను. సెక్రటరీ గారు డబ్బా మీద నుంచి లేవబోతూ ఆగారు. ఆ అమ్మాయి ఆయనను చూసింది. తరవాత ఆవిడకు జవాబు చెప్పింది, మైకు ముందు వాక్యం దించినంత నిదానంగా.

"రాడండి. నన్ను వదిలేశాడు. విశాఖపట్నంలో ఇంకొకావిడతో ఉన్నాడు."

ఆవిడ అయ్యో అనలేదు. చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, "టీ తాగావా?" అంది. తాగలేదంటే ఇద్దరూ వంటపాకల వైపు వెళ్ళారు. సెక్రటరీ గారు డబ్బా మీద నుంచి లేచి, కుర్రాళ్ళను పిలిచి మైకు సెట్టు విప్పమన్నారు. విప్పిన వైరు ఆయనే చుట్టడం మొదలుపెట్టారు. వంగడం కష్టంగా ఉన్నట్టుంది. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.